పాలు, పెరుగు మానేసి వీగన్‌గా మారడం ఎలా? ఇంట్లోవాళ్లకూ బంధువులకూ ఎలా చెప్పాలి?

మాంసం, గుడ్లు మానడం తేలికగానే జరిగిపోయిందనీ, పెరుగు దగ్గర మాత్రం ఆగిపోతున్నామనీ, దాన్ని కూడా మానితే ఇంట్లోవాళ్లు ఊరుకోవడం లేదనీ చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పే బదులు, తెలుగు ఇంటికి, తెలుగు వంటకు పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. వీగన్ అనే మాటను 1944లో ఇంగ్లండ్‌లో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వాడుకలోకి తెచ్చారు. మాంసం, చేపలు, గుడ్లతోపాటు పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, పనీర్, తేనె కూడా తీసుకోకుండా, తోలు, పట్టు వంటివి వీలైనంతవరకు వాడకుండా జీవించడం దీని అర్థం. "వీలైనంతవరకు" అన్న మాటను గుర్తుపెట్టుకోండి, కింద దాని అవసరం వస్తుంది.

కావలసినవి

మొదలుపెట్టే ముందు ఇవి సిద్ధం చేసుకోండి: విటమిన్ బి12, విటమిన్ డి, హిమోగ్లోబిన్ చూపించే రక్తపరీక్ష ఫలితాలు, డాక్టరు సలహాతో తెచ్చుకున్న బి12 మాత్రలు, వేరుశనగ గుళ్లు, సోయా గింజలు, పొట్టు తీయని నువ్వులు, రాగిపిండి, పప్పు నూనె (నువ్వుల నూనె), వడకట్టడానికి ఒక పలుచటి నూలు గుడ్డ, రోజూ తిన్నది రాసుకోవడానికి ఒక చిన్న పుస్తకం. వీటితోపాటు ఆరు వారాల వ్యవధి, ఇంట్లో మీ మాట ఓపికగా వినే ఒక మనిషి కూడా కావాలి. ఎదిగే పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారు డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఈ మార్పు చేయకూడదు. ముఖ్యంగా మెట్‌ఫార్మిన్ వల్లనే శరీరంలో బి12 తగ్గే అవకాశం ఉంది.

1. ముందు రక్తపరీక్ష చేయించుకోండి

పరీక్ష ఇప్పుడే ఎందుకంటే, మన దగ్గర పాలు, పెరుగు తినేవారిలోనూ బి12 లోపం, డి లోపం తరచుగా కనిపిస్తాయి. ఇప్పుడు పరీక్ష చేయించుకోకుండా ఆరు నెలల తర్వాత చేయించుకుంటే, ఎప్పటినుంచో ఉన్న లోపాన్ని కూడా ఇంట్లోవాళ్లు "పాలు మానేయడం వల్లే" అంటారు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు. లోపం బయటపడితే ముందు చికిత్స తీసుకుని, ఆ తర్వాత రెండో మెట్టుకు వెళ్లండి.

2. వారం రోజులు ఏమీ మార్చకుండా రాసుకోండి

పాలు ఏ దారిన మీ పళ్లెంలోకి వస్తున్నాయో ఒక వారం గమనించండి. కాఫీ, టీ, పెరుగు, నెయ్యి అందరికీ తెలుస్తాయి. తెలియనివి చాలా ఉంటాయి. చల్ల మిరపకాయలను మజ్జిగలో ఊరబెట్టి ఎండబెడతారు. మైసూరు బజ్జీ పిండిని పెరుగుతో కలుపుతారు. రవ్వ ఇడ్లీలో పెరుగు ఉంటుంది, రవ్వ దోసెలో మజ్జిగ పోసేవారున్నారు. వెజ్ బిర్యానీ అన్నదానిలో పెరుగూ నెయ్యీ రెండూ ఉండవచ్చు. హోటల్లో ఉలవచారు మీద మీగడ వేస్తారు, నాన్ పిండిలో పాలో పెరుగో కలుపుతారు. ప్యాకెట్ల మీది ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు మాత్రమే, పాలు, తేనె ఉన్న వస్తువుకూ అది ఉంటుంది. వీగన్ ఆహారానికి మన దేశంలో 2022లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం ఆకుతో కూడిన ఆకుపచ్చ "వి" గుర్తును వాడతారు. ఆ గుర్తు లేని ప్యాకెట్ల మీద పదార్థాల పట్టికను, దాని కింద అలర్జీ హెచ్చరికగా పాల పేరు ఉందేమో చూడండి. బిస్కట్లలో, చాక్లెట్లలో, కొన్ని చిప్స్ మసాలాల్లో కూడా పాలపొడి కనిపిస్తుంది.

ఇదే వారంలో మీకు ఇప్పటికే తెలిసిన వీగన్ వంటల పట్టిక కూడా రాయండి. అది ఊహించినదానికంటే పొడుగ్గా ఉంటుంది: పులిహోర, పెసరట్టు, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, పచ్చి పులుసు, సర్వపిండి, జొన్నరొట్టె, సకినాలు, గారెలు, నువ్వుల ఉండలు, నూనె తాలింపు వేసిన ఏ పప్పైనా. ఆవకాయ అన్నంలో నెయ్యికి బదులు పప్పు నూనె కలుపుకోవడం మన ఇళ్లలో పాత అలవాటే. ఈ పట్టికను వంటింటి తలుపుకు అంటించండి. "ఇక నువ్వేం తింటావు?" అన్న ప్రశ్నకు అది మీకంటే బాగా జవాబు చెబుతుంది.

3. ఇంట్లో చెప్పండి, కానీ భోజనాల వేళ చెప్పకండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అమ్మ పెరుగు వడ్డిస్తుండగా చేయి అడ్డం పెట్టి, ఆ క్షణంలోనే తమ నిర్ణయం ప్రకటిస్తారు. వడ్డించే మనిషికి అది తన చేతిని తోసేసినట్టుగా అనిపిస్తుంది. మన సమాజంలో అన్నం కాదనడమంటే మనిషిని కాదనడమే. కాబట్టి మీరు వద్దనేది పదార్థాన్నేగానీ పళ్లేన్ని కాదని ప్రతిసారీ తెలిసేలా చేయాలి. నాకు తెలిసినంతలో ఈ మార్పులో నిలబడినవారికీ నిలబడలేనివారికీ ఉన్న తేడా చాలావరకు ఇదే.

పని లేని ఒక సాయంత్రం, ముందుగా మీ మాట వినే ఒక్కరికి చెప్పండి. తర్వాత వంట చేసేవారికి చెప్పండి. కారణాన్ని రెండు వాక్యాల్లో ముగించండి. ఆ తర్వాత ఏం తినబోతున్నారో, ఎవరికి ఏ పని పెరుగుతుందో వివరించండి. పెద్దవారితో ఇలా మొదలుపెట్టవచ్చు: "అత్తయ్యా, మీ చేతి పెరుగు బాగుండక కాదు. పాడిపశువుల గురించి తెలిసినప్పటినుంచి నా మనసు ఒప్పుకోవడం లేదు. నాకు కావలసింది నేనే చేసుకుంటాను, మీకు పని పెంచను. పప్పులో నెయ్యి తాలింపు వేసే ముందు నాకు ఒక గిన్నెలో తీసి ఉంచితే చాలు."

నిర్ణయం ఎవరిదో, దానివల్ల పెరిగే పని కూడా వారిదే కావాలి. కొడుకు వీగన్ అయితే తల్లి రెండు రకాల వంట చేయడం, భర్త వీగన్ అయితే భార్య సోయాపాలు తీయడం న్యాయం కాదు. వంట రాకపోతే పప్పు, అన్నం, ఒక కూర, వేరుశనగ పెరుగు చేయడం నేర్చుకున్న తర్వాతే మొదలుపెట్టండి. కొత్త కోడలైతే పరిస్థితి వేరుగా ఉంటుంది. మొత్తం ఇంటివారికి ఒకేసారి చెప్పకుండా, ముందు భర్తతో మాట్లాడి, ఆయన చేత ఆయన తల్లిదండ్రులకు చెప్పించడం మేలు.

ఇంట్లో మిగిలినవారిని మార్చాలని మొదటి ఏడాది ప్రయత్నించకండి. మీ కోసం ఇంట్లో పాలప్యాకెట్లు కొనడం ఆపమని అడగకండి.

4. పాలను ఒకేసారి కాకుండా వరుసగా తీసేయండి

మొదటి వారం నెయ్యితో మొదలుపెట్టండి, ఎందుకంటే దాని స్థానంలో పప్పు నూనె, వేరుశనగ నూనె ఇంట్లోనే ఉంటాయి. రెండో వారం టీ, కాఫీలను మార్చండి. మూడో వారం మిఠాయిలు, బిస్కట్లు. పెరుగును నాలుగో వారం వరకు ముట్టుకోకండి, ఎందుకంటే పెరుగన్నంతో ముగియని భోజనం మనకు భోజనంలా అనిపించదు. దాన్ని మొదటిరోజే తీసేసినవారిలో ఎక్కువమంది పదిరోజుల్లో వెనక్కు వస్తారు.

టీకి సోయాపాలు చవక. 100 గ్రాముల సోయా గింజలను రాత్రంతా నానబెట్టి, పొట్టు వీలైనంత తీసి, వేడి నీళ్లతో రుబ్బి, వడకట్టి, అడుగంటకుండా కలుపుతూ 15 నుంచి 20 నిమిషాలు బాగా మరిగిస్తే దాదాపు లీటరు పాలు వస్తాయి. పచ్చివాసన పోవడానికే కాకుండా, పచ్చి సోయాలో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు పోవడానికి కూడా ఈ మరిగింపు తప్పనిసరి. పొంగు త్వరగా వస్తుంది కాబట్టి పెద్ద గిన్నె వాడండి. టీ డికాక్షన్‌లో చల్లటి సోయాపాలు పోస్తే విరుగుతాయి. పాలను వేడిచేసి, పొయ్యి కట్టేసిన తర్వాత కలపండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రకూ సోయాకూ మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచాలి. సోయా పడనివారు అల్లం, నిమ్మరసం వేసిన డికాక్షన్‌కు అలవాటుపడవచ్చు.

5. పెరుగుకు ప్రత్యామ్నాయం తయారుచేసుకోండి

ఒక కప్పు వేరుశనగ గుళ్లను 8 గంటలు నానబెట్టి, చేతులతో నలిపి పొట్టంతా తీసి, రెండు మూడుసార్లు కడగండి. ఒక కప్పు నీళ్లతో వెన్నలా రుబ్బి, మరో రెండు కప్పుల నీళ్లు చేర్చి గుడ్డలో వడకట్టండి. ఆ పాలను సన్నని సెగ మీద కలుపుతూ పచ్చివాసన పోయేవరకు, అంటే 8 నుంచి 10 నిమిషాలు కాచండి. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేవరకు చల్లారనివ్వండి.

మొదటిసారి తోడుకు పాల పెరుగు వాడలేరు కాబట్టి, కడిగి తుడిచిన పచ్చిమిరపకాయల తొడిమలు ఎనిమిదో పదో వేసి, మూతపెట్టి, వెచ్చని చోట 10 నుంచి 12 గంటలు ఉంచండి. మొదటి పెరుగు పలుచగా, కొంచెం ఘాటుగా వస్తుంది. అది చూసి నిరాశపడి పారబోయకండి. అందులోంచి రెండు చెంచాలు తీసి తర్వాతి విడతకు తోడు వేస్తే పెరుగు గట్టిగా తోడుకుంటుంది, మూడో విడతకు రుచి కుదురుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే రుబ్బేటప్పుడు పది జీడిపప్పులు చేర్చండి. పైన నీరు తేలితే కలిపేసుకోవచ్చు. గులాబి రంగు గానీ పచ్చని మచ్చలు గానీ కనిపించినా, పులుపు వాసన కాకుండా కుళ్లు వాసన వచ్చినా మొత్తం పారబోసి, గిన్నెను మరిగే నీళ్లతో కడగండి. వేరుశనగ పడనివారు జీడిపప్పు పాలతో ఇదే పద్ధతి పాటించవచ్చు.

మొదటిరోజే దీన్ని ఉత్త అన్నంలో కలుపుకుని గేదె పెరుగుతో పోల్చుకోకండి, ఆ పోలికకు ఇది నిలవదు. ముందుగా ఆవాలు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపుతో దద్ధ్యోదనంగా, దోసకాయ పెరుగుపచ్చడిగా, శనగపిండి కలిపిన మజ్జిగ పులుసుగా రెండు వారాలు తినండి. నాలుక ఆ రుచికి అలవాటుపడ్డాక ఉత్త పెరుగన్నానికి రావచ్చు. అప్పటికీ నచ్చకపోతే భోజనాన్ని పచ్చి పులుసుతోనో చారుతోనో ముగించడం నేర్చుకోండి. అందులో తప్పేమీ లేదు.

6. పోషకాలను లెక్కతో చూసుకోండి

బి12 విషయంలో ఎటువంటి మినహాయింపూ లేదు. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో నమ్మదగినంత బి12 ఉండదు. పులిసిన దోసెపిండి, స్పిరులినా అనే నాచు పొడి దాన్ని ఇవ్వవు. ఇంగ్లండ్‌లోని వీగన్ సొసైటీ రోజుకు కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి ఒకసారి 2000 మైక్రోగ్రాముల మాత్ర తీసుకోమని సూచిస్తుంది. ఇప్పటికే లోపం ఉన్నవారికి ఈ మోతాదు చాలకపోవచ్చు, వారు డాక్టరు చెప్పినంత వాడాలి. అరికాళ్లలో, వేళ్లలో తిమ్మిరి వస్తే ఆలస్యం చేయకండి. ఆకుకూరల్లోని ఫోలేట్ అనే విటమిన్ వల్ల బి12 లోపం రక్తహీనతగా బయటపడకుండానే నరాలు దెబ్బతినవచ్చు.

కాల్షియం దగ్గర జరిగే పొరపాటు రాగిజావను నమ్ముకోవడం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని చెబుతుంది. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒక గ్లాసు జావలో పడే పిండి 30 గ్రాములు దాటదు. కాబట్టి జావతోపాటు రాగిసంకటి, పొట్టు తీయని నువ్వుల పొడి, మునగాకు, కాల్షియంతో గడ్డకట్టించిన టోఫు (సోయాపాలతో చేసే పనీర్ లాంటిది) కలిపి తినాలి. పాలకూరను ఈ లెక్కలో వేసుకోకండి, కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్లు అందులో ఉండడం వల్ల శరీరానికి అందే కాల్షియం స్వల్పం. ఎంత ప్రయత్నించినా లెక్క తక్కువే వస్తుంటే డాక్టరును అడిగి మాత్ర వేసుకోండి.

మాంసకృత్తుల గురించి భయపడవలసిన పని లేదు గానీ, నీళ్లలాంటి పప్పుచారును నమ్ముకోకూడదు. రెండు పూటలా ముద్దపప్పో, శనగలో, అలసందలో, మీల్ మేకరో ఉండాలి. ఇనుము ఒంటపట్టడానికి పప్పులో నిమ్మరసం పిండండి, భోజనంతోపాటు టీ తాగకండి. ఉప్పు అయోడిన్ కలిపినదే వాడండి, ఎందుకంటే పాలతోపాటు కొంత అయోడిన్ కూడా పోతుంది.

మందుల గొట్టాలు (క్యాప్సూల్స్) పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌తో చేసినవని తెలిసి డాక్టరు రాసిన మందులు ఆపేసినవారున్నారు. అలా చేయకండి. "వీలైనంతవరకు" అన్న మాట ఇటువంటి చోట్ల కోసమే ఉంది. వేరే రూపంలో దొరుకుతుందేమో అడగండి, దొరకకపోతే ఉన్నదాన్ని వేసుకోండి.

7. బయట తినేటప్పుడు

హోటల్లో "ప్యూర్ వెజ్" అని చెబితే మీ పని జరగదు, ఆ మాటకు అర్థం గుడ్డు, మాంసం లేవనే. "నెయ్యి, వెన్న, పాలు, పెరుగు, మీగడ, పనీర్ ఏవీ వద్దు, నూనెతో చేసి ఇవ్వండి" అని పేరుపేరునా చెప్పండి. దోసె చెప్పేటప్పుడు పెనం మీద నూనె వేయమని, ఇడ్లీ చెప్పేటప్పుడు కారప్పొడిలో నెయ్యి వేయవద్దని ముందే చెప్పాలి. పెళ్లిలో వడ్డన మొదలుకాక ముందే వంటవారి దగ్గరకు వెళ్లి ఏ కూరల్లో నెయ్యి, పెరుగు పడలేదో కనుక్కోండి, విస్తరి ముందు కూర్చుని ఆరా తీయకండి. దూరప్రయాణానికి పులిహోర, చపాతీలు, వేరుశనగ చిక్కీ వెంట పెట్టుకోండి.

ప్రసాదం సంగతి చాలామంది అడుగుతారు. తిరుమల లడ్డూలోనూ చక్కెర పొంగలిలోనూ నెయ్యి ఉంటుంది. దాన్ని రెండు చేతులతో తీసుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్నవారికి అందించండి. ఇచ్చినవారి ఎదుట అందులో ఏముందో వివరించవద్దు. పులిహోర ప్రసాదమైతే నూనెతో చేసిందని కనుక్కుని మనస్ఫూర్తిగా తినండి.

బంధువుల ఇంటికి వెళ్లేముందు ఒకరోజు ఫోన్ చేసి, "పిన్నీ, నేను పాలు, నెయ్యి మానేశాను. నా కోసం వేరే ఏమీ చేయకండి, అన్నం, పచ్చడి, నూనె ఉంటే చాలు" అని చెప్పండి. వెళ్లాక ఆ ఇంటి మంచినీళ్లు తాగి, ఆ ఇంటి అన్నం తినండి. ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ఒకరింట తినకపోవడానికి మన ఊళ్లలో కులపు అర్థం ఉంది, ఆ అవమానం పడ్డవారు ఇంకా మన మధ్య ఉన్నారు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన నమూనా సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతానికి పైగా ప్రజలు మాంసాహారులని తేలింది. అటువంటి చోట మీరు "నీసు వాసన" అని ముక్కు మూసుకున్నా, "మేం ముట్టుకోం" అన్నా, అది పశువుల మీద దయగా ఎవరికీ వినిపించదు, పాత అంటరానితనంగానే వినిపిస్తుంది. ముఖ్యంగా పుట్టుకతో శాకాహారులైన కుటుంబాలవారు ఈ మాటలను పూర్తిగా వదిలేయాలి. మాంసం తినేవారి పక్కనే కూర్చుని మీ పళ్లెంలోది మీరు తినండి.

8. ఎప్పుడూ వచ్చే ప్రశ్నలకు జవాబులు

"పాలు లేకపోతే బలం ఎలా?" అంటే మాటలతో వాదించకుండా రక్తపరీక్ష కాగితం చూపించండి. "దూడ తాగగా మిగిలినవే కదా?" అని ఊళ్లో గేదె ఉన్న పెద్దమ్మ అడిగితే, ఆమె ఇంటి గేదె గురించి మాట్లాడకండి. ఆ పాలడబ్బులతో పిల్లలను చదివించిన మనిషి ఆమె. "మీ ఇంటి గేదెను మీరు బాగానే చూసుకుంటారు పెద్దమ్మా. పట్నంలో ప్యాకెట్ పాలు ఎక్కడివో, అక్కడ మగదూడను ఏం చేస్తారో నాకు తెలియదు, అందుకే మానేశాను" అంటే చాలు. "మొక్కలకు ప్రాణం లేదా?" అన్నవారికి, పశువును మేపడానికి ఇంకా ఎక్కువ గడ్డీ గింజలూ కావాలి కాబట్టి మొక్కలను తినడమే తక్కువ హాని అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఆఫీసులో ఎగతాళి చేసేవారికి జవాబు అవసరం లేదు. వారానికోసారి మంచి గుత్తివంకాయ తీసుకెళ్లి అందరితో పంచుకోండి.

పట్టుచీర సంగతి పెళ్లిళ్ల కాలంలో తప్పక వస్తుంది. ఇంట్లో ఉన్న పాత చీరలను పారేయనవసరం లేదు. కొత్తవి కొనేటప్పుడు మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు అడగండి. పురుగును చంపకుండా తీసే అహింసా పట్టును హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య రూపొందించారు. అది పట్టే కాబట్టి కొందరు వీగన్లు దాన్నీ కట్టరు. ఇందులో నిర్ణయం మీదే.

9. ఫలితాన్ని సరిచూసుకోండి

మూడు నెలలకు, తర్వాత ఏడాదికి ఒకసారి మొదట చేయించిన పరీక్షలే మళ్లీ చేయించి, రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి. బరువు అనుకోకుండా తగ్గుతుంటే నూనెగింజలు, పప్పు పెంచండి. మధ్యాహ్నం నాలుగు గంటలకు నీరసం వస్తుంటే పొద్దున ఇడ్లీలు మాత్రమే తింటున్నారేమో చూసుకుని, వాటితో వేరుశనగ పచ్చడో శనగలో చేర్చండి. మొదటి రెండు వారాల కడుపు ఉబ్బరం పప్పులు పెరగడం వల్ల కావచ్చు. నానబెట్టిన నీళ్లు పారబోసి వండితే తగ్గుతుంది, నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి.

పుస్తకంలో ఆఖరి పేజీని ఇంటి సంగతులకు కేటాయించి, పప్పుకు తాలింపు వేసే ముందు ఎవరైనా మీకు చెప్పకుండానే ఒక గిన్నె పక్కన తీసి ఉంచిన రోజును తేదీతో సహా రాసుకోండి. ఆరు నెలలైనా ఆ పేజీ ఖాళీగా ఉంటే మూడో మెట్టుకు తిరిగి వెళ్లి, ఈసారి వంట చేసేవారి పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ మాట్లాడండి.